పక్కన ఎవరు నిలబడ్డారు? మెడికల్ వార్డులో ఒక నర్సింగ్ బృందం కేస్ స్టడీ

నర్సింగ్ కాలేజీల్లో 'వీక్ స్టూడెంట్' అనే మాట మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గితే వీక్. పేషెంట్ మంచం దగ్గర అడిగిన ప్రశ్నకు తల దించుకుంటే వీక్. ఒకసారి ఆ ముద్ర పడిందంటే స్టాఫ్ రూమ్‌లో ఒక మేడమ్ నుంచి ఇంకో మేడమ్‌కి, ఒక సెమిస్టర్ నుంచి ఇంకో సెమిస్టర్‌కి అది ఆ పిల్ల వెంటే నడుస్తుంది. ఈ కేస్ స్టడీ రాయడానికి కారణం అదే. బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం బృందం ఒకటి మెడికల్ వార్డు పోస్టింగ్‌లో ఉండగా వాళ్ల క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా నేను చూసినవి, మార్చినవి, మార్చలేకపోయినవి ఇందులో రాస్తున్నాను. వార్డులో ఒక విద్యార్థి ఎంత నేర్చుకుంటుందనేది, ఆమె అక్కడ ఎవరితో నోరు తెరిచి మాట్లాడగలుగుతోంది అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. వీక్ అని మనం పిలిచే పిల్లల్లో చాలామందికి పాఠం వచ్చు, వార్డులో దాన్ని చెప్పుకునే చోటు దొరకదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

హాస్పిటల్ కోస్తా ఆంధ్రలో ఒక పెద్ద టీచింగ్ హాస్పిటల్. ఊరు, కాలేజీ, పిల్లల పేర్లు ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను.

బృందం

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఒక టీచర్‌కి పదిమంది విద్యార్థులు. నాకు ఇచ్చింది కూడా పదిమందినే, తొమ్మిది మంది అమ్మాయిలు, ఒక అబ్బాయి. 2021లో కౌన్సిల్ సిలబస్‌ని సెమిస్టర్ పద్ధతిలోకి మార్చాక, మొదటి రెండు సెమిస్టర్లలో నర్సింగ్ ఫౌండేషన్స్ పూర్తి చేసి మూడో సెమిస్టర్‌లో అడల్ట్ హెల్త్ నర్సింగ్ కోసం పిల్లలు మెడికల్, సర్జికల్ వార్డుల్లోకి వస్తారు. అంటే వీళ్లు బెడ్ మేకింగ్, టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస చూడటం), బీపీ, ఇంజక్షన్ ల్యాబ్‌లో బొమ్మ మీద చేసి, వార్డులో కొంత అలవాటు పడి వచ్చినవాళ్లు. కొత్తవాళ్లు అనలేం, చేయి తిరిగినవాళ్లు అని కూడా అనలేం.

ముందు వరసలో ఇద్దరమ్మాయిలు ఉండేవాళ్లు. కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ బైపీసీ చదివారు. నీట్ రాసి, ర్యాంకు రాక ఇటు వచ్చినవాళ్లు. ఇంగ్లీషులో టకటకా సమాధానం చెప్పేవాళ్లు. ఇద్దరు కేరళ అమ్మాయిలు, ఎక్కడికెళ్లినా కలిసే. వాళ్ల ఇళ్లలో అక్కలు, పిన్నులు గల్ఫ్‌లో నర్సులుగా ఉన్నారు. డౌట్ వస్తే రాత్రి వీడియో కాల్‌లో అడిగేసుకునేవాళ్లు. చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చిన నలుగురు ఒక గుంపు, ఒకే బస్సు, ఒకే టిఫిన్ డబ్బా. ఇక ఆ అబ్బాయి. పదో మనిషి, పాడేరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి. పదో తరగతి దాకా గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం. ఈ కేసులో ఎక్కువగా ఆ అమ్మాయి గురించే మాట్లాడతాను.

నా చేతికి వచ్చేటప్పటికే ఆమె గురించి ఫైల్లో ఒక మాట ఉంది: 'పూర్ కమ్యూనికేషన్'. ఆ మాటని పక్కనపెట్టి మొదటి వారం ఊరికే గమనించాను.

మొదటి వారం చూసింది

ఒక మంచం చుట్టూ పదకొండు మంది నిలబడితే ఎలా ఉంటుందో వార్డు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పేషెంట్ తలవైపు, నాకు దగ్గరగా ఆ ఇద్దరు ముందు వరస అమ్మాయిలు. వాళ్ల వెనక కేరళ అమ్మాయిలు. కాళ్లవైపు నలుగురి గుంపు. అబ్బాయి ఫిమేల్ వార్డులో గుమ్మం దగ్గర. పాడేరు అమ్మాయి అందరి వెనక, పక్క మంచం కడ్డీ పట్టుకుని. ఎవరూ ఎవరికీ చోటు కేటాయించలేదు. ప్రతిరోజూ అదే వరస.

దాని ఫలితం పని పంపకంలో కనిపించింది. ముందు నిలబడ్డవాళ్ల చేతికి సిరంజి వచ్చేది. కాళ్ల దగ్గర ఉన్నవాళ్లకి టీపీఆర్ చార్టు, వెనకున్నవాళ్లకి ల్యాబ్‌కి శాంపిల్ తీసుకెళ్లడం, ఎక్స్‌రే తేవడం. వార్డు సిస్టర్లని తప్పు పట్టడానికి లేదు. మంచాలు నిండి, నేల మీద కూడా పేషెంట్లు ఉన్నప్పుడు, వాళ్లకి కనపడిన చేతికే పని చెప్తారు. త్వరగా చేసేవాళ్లనే పిలుస్తారు. పిలిచేకొద్దీ వాళ్లకి పని ఇంకా వస్తుంది, మిగతావాళ్లు ఇంకా వెనక్కి పోతారు. లాగ్ బుక్‌లో మాత్రం పదిమందికీ ఒకే ప్రొసీజర్లు ఒకే తేదీల్లో ఉంటాయి, ఎందుకంటే 'అబ్జర్వ్‌డ్' అన్నా సంతకం పడుతుంది.

ఇంకొకటి గమనించాను. రౌండ్స్ అయిపోయి అందరూ టీ టైమ్‌కి వెళ్లాక పాడేరు అమ్మాయి ఆగిపోయేది. షుగర్ పేషెంట్ ఒకామె పక్కన స్టూల్ మీద కూర్చుని, "పెద్దమ్మా, సూది వేసుకున్నాక అరగంటలో అన్నం తినాలి, తినకుండా పడుకుంటే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి" అని చెప్పడం నా చెవిన పడింది. పుస్తకంలో హైపోగ్లైసీమియా (షుగర్ మరీ పడిపోవడం) అని ఉన్న పాఠాన్ని ఆమె ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా, పేషెంట్‌కి అర్థమయ్యేలా చెప్పింది. పొద్దున అదే ప్రశ్న నేను అడిగితే నోరు మెదపలేదు. ఫైల్లో రాసిన 'పూర్ కమ్యూనికేషన్' ఏ శ్రోత ముందు కొలిచారో అప్పుడు అర్థమైంది.

నారింజ రంగు మూత

పోస్టింగ్ మధ్యలో జరిగిన ఒక సంఘటన వల్లే మేం పద్ధతి మార్చాం. అందుకే దాన్ని కాస్త వివరంగా చెప్తాను.

వార్డులో వాడే ఇన్సులిన్ వయల్ (మందు సీసా) ఒక మిల్లీలీటర్‌కి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి, గీతలు 40 యూనిట్ల లెక్కన ఉంటాయి. ఆరోజు ఎర్ర మూతవి అయిపోయాయి. పేషెంట్ కొడుకుని బయట మెడికల్ షాపుకి పంపితే ఇన్సులిన్ సిరంజి అని అడిగి తెచ్చాడు. తెచ్చింది నారింజ రంగు మూత ఉన్న 100 యూనిట్ల సిరంజి. ఆర్డరు 10 యూనిట్లు. ముందు వరస అమ్మాయి వయల్ తిప్పి, స్పిరిట్ రాసి, పద్ధతిగా 10 గీత దాకా లాగింది. చేతి పని చూస్తే ఏ లోపమూ లేదు.

లెక్క చూడండి. 40 యూనిట్ల వయల్‌లో 10 యూనిట్లంటే పావు మిల్లీలీటర్. 100 యూనిట్ల సిరంజిలో 10 గీత అంటే మిల్లీలీటర్‌లో పదో వంతు. అంటే పేషెంట్‌కి వెళ్లబోయేది 4 యూనిట్లు. ఇక్కడ డోసు తగ్గింది కాబట్టి షుగర్ పెరిగి ఉండేది. ఇదే తిరగబడి, 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే 25 యూనిట్లు లోపలికి పోతాయి, అది ప్రాణం మీదికి వస్తుంది.

స్టాఫ్ నర్స్ చూసి ఆపింది. "ఆగమ్మా, సిరంజి మూత ఏ రంగు?" అంది అంతే. ఆ అమ్మాయికి వెంటనే వెలిగింది. పేషెంట్‌కి ఏమీ కాలేదు. కొత్త సిరంజి పక్క వార్డు నుంచి తెచ్చి వేశారు.

మధ్యాహ్నం డ్యూటీ రూమ్‌లో అందరినీ కూర్చోబెట్టి, "సిరంజి తేడాగా ఉందని స్టాఫ్ సిస్టర్ కన్నా ముందే ఎవరైనా చూశారా?" అని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కేరళ అమ్మాయిల్లో ఒకరు, "మేడమ్, కలర్ వేరే ఉందని అనుకున్నాను, కానీ ఆమెకి తెలుసులే అనుకున్నాను" అంది. ఆ తర్వాత పాడేరు అమ్మాయి, తల ఎత్తకుండా: "నేను చూశాను మేడమ్. నారింజ మూత వంద యూనిట్లది. చెప్తే నాకేం తెలుసని అంటారేమో అని టెన్షన్ వచ్చింది."

పదిమందిలో ఇద్దరికి సిరంజి తేడాగా ఉందని తెలుసు. పేషెంట్ మంచానికి రెండడుగుల దూరంలో ఉన్నారు. ఆ జ్ఞానం పేషెంట్‌కి ఉపయోగపడలేదు. ఆ బృందంలో ఎవరు చెప్పొచ్చు, ఎవరు వినాలి అనేది అప్పటికే నిర్ణయమైపోయింది కాబట్టి. దీన్ని ఇంకో ఇన్సులిన్ క్లాసు చెప్పి సరిదిద్దలేం.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు హాస్పిటల్ యూనిట్లలో మందుల పొరపాట్ల మీద చేసిన అధ్యయనం 1996లో వచ్చింది. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె ఊహించింది. లెక్కలో మాత్రం మంచి నాయకత్వం, మంచి సంబంధాలు ఉన్న యూనిట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. అక్కడి నర్సులు పొరపాటుని దాచకుండా చెప్పుకోగలగడం వల్ల అలా కనిపించి ఉండొచ్చన్న వివరణకి ఆమె వచ్చింది. మన వార్డుల్లో పొరపాట్ల రిజిస్టరు ఖాళీగా ఉందని సంబరపడేవాళ్లు ఇది ఆలోచించాలి.

ఏం మార్చాం

మా కాలేజీలో అప్పటికే జంటల పద్ధతి ఒకటి ఉంది: బాగా చదివేవాళ్ల పక్కన తక్కువ చదివేవాళ్లని వేయడం. కాగితం మీద బాగుంటుంది. వార్డులో జరిగేది ఏంటంటే, మొదటి అమ్మాయి చేస్తుంది, రెండో అమ్మాయి ట్రే పట్టుకుంటుంది. నేను నీకు నేర్పేదాన్ని, నువ్వు నేర్చుకునేదానివి అన్న తేడా జంట మొదలైన రోజే ఖాయమైపోతుంది. అందుకని జంటల్ని మార్కుల మీద కాకుండా, ఇద్దరి దగ్గరా చెరొక బలం ఉండేలా వేశాం. చేతి పనిలో చురుకైన అమ్మాయికి పేషెంట్‌తో మాట్లాడగల అమ్మాయి జత. కేరళ అమ్మాయిల్ని వార్డు మేరకు విడదీసి, తెలుగు గలగలా మాట్లాడే నలుగురి గుంపులోంచి చెరొకరిని ఇచ్చాం. హాస్టల్‌లో వాళ్ల జోలికి పోలేదు. రాత్రి తోడు, చదువు తోడు ఎవరో వాళ్లే ఎంచుకోవాలి. జంట మాత్రం రోజూ మారదు. పోస్టింగ్ అంతా ఒకటే, ఎందుకంటే 'నాకు తెలీదు' అని ఒకరి ముందు ఒప్పుకోవడానికి కొంత కాలం కావాలి.

రెండోది, చేసే మనిషి, సరిచూసే మనిషి. ఏ ప్రొసీజర్ అయినా ఒకరు చేతులు కదుపుతారు, ఇంకొకరు పైకి వినపడేలా చెప్తారు: పేషెంట్ ఎవరు, మందు ఏది, డోసు ఎంత, ఏ దారిలో, ఏ టైమ్‌కి. వయల్, సిరంజి రెండూ చూపించి చదవాలి. సరిచూసే మనిషి 'ఓకే' అనేదాకా సూది పేషెంట్ దాకా వెళ్లదు. మరుసటి రోజు పాత్రలు మారతాయి. ఇది కేవలం భద్రత కోసం పెట్టింది కాదు. వెనక నిలబడే పిల్లకి మాట్లాడటం డ్యూటీలో భాగమైంది. చెప్తే ఏమనుకుంటారో అన్న భయం ఉన్న పిల్లకి, చెప్పకపోతేనే అడుగుతారు అన్న పరిస్థితి కల్పించాం.

మంచం దగ్గర ప్రశ్న అడిగే తీరు కూడా మార్చాను. ప్రశ్న వేసి, ఒక నిమిషం జంటలుగా మాట్లాడుకోమంటాను, ఏ భాషలోనైనా సరే. ఆ తర్వాతే సమాధానం, అదీ 'మేమిద్దరం ఇలా అనుకున్నాం' అని. 'ఐదు వందల ఎంఎల్ నార్మల్ సెలైన్ ఎనిమిది గంటల్లో పోవాలి, ఈ సెట్‌లో ఎంఎల్‌కి ఇరవై చుక్కలు, నిమిషానికి ఎన్ని?' అని అడిగితే ఇదివరకు ఒకే గొంతు ఇరవై ఒకటి అనేది. ఇప్పుడు ఆ నిమిషంలో గంటల్ని నిమిషాలు చేయడం ఎక్కడ తప్పుతున్నారో నాకు వినపడుతుంది. ఒక అమ్మాయి 480తో భాగించాల్సింది 8తోనే భాగిస్తుంటే పక్కమ్మాయి, "అన్ని చుక్కలు పడతాయా ఎక్కడైనా, ధార కట్టిపోదూ" అంటే ఇద్దరూ నవ్వుకుని సరిచేసుకున్నారు. నేను సరిచేసి ఉంటే రాసుకునేవాళ్లు. స్నేహితురాలు సరిచేస్తే ఎందుకో ఆలోచించారు.

లెవ్ విగోట్‌స్కీ అనే రష్యన్ మనస్తత్వవేత్త, పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదానికీ, తనకన్నా కాస్త తెలిసినవాళ్ల సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న దూరంలోనే నేర్చుకోవడం జరుగుతుందన్నాడు. ఎంఎస్సీలో ఎడ్యుకేషన్ పేపర్ కోసం మనమంతా బట్టీ పట్టిన పాఠమే. వార్డులో ఆ 'కాస్త తెలిసినవాళ్లు' ఎప్పుడూ టీచరే కానక్కర్లేదు. చాలాసార్లు టీచర్ మరీ దూరంగా ఉంటుంది. కిందటి నెలే ఆ తప్పు చేసి బయటపడ్డ అక్క అయితే ఎక్కడ కాలు జారుతుందో బాగా చెప్తుంది.

అందుకే ఆఖరి సెమిస్టర్ ఇంటర్న్‌లని కూడా కలిపాం. ప్రతి జంటకీ ఒక సీనియర్. నియమం ఒకటి: సీనియర్ పక్కన నిలబడుతుంది, చేతులు కలపదు. జూనియర్ చేత టిఫిన్ తెప్పించుకోవడం, రికార్డు బుక్కులు రాయించుకోవడం కుదరదని ముందే గట్టిగా చెప్పాను. మన దగ్గర ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. ఐనా 'అక్క చెప్పింది' అనే మాట చాటున చాకిరీ జరుగుతూనే ఉంటుంది, దాన్ని మనం క్రమశిక్షణ అనుకుని వదిలేస్తాం. సీనియర్ మంచిదైతే మాత్రం ఆమె ఇచ్చేది ఏ లెక్చరర్ ఇవ్వలేదు. ఏ డ్యూటీ డాక్టర్‌ని ఎలా పిలవాలి, ఏ సిస్టర్‌కి రిపోర్టు ఎలా ఇస్తే వింటుంది, చనిపోయిన పేషెంట్ మంచం దగ్గర మొదటిసారి నిలబడ్డప్పుడు ఏం చేయాలి, ఇవి సిలబస్‌లో ఉండవు.

వార్డు సిస్టర్లతో మాట్లాడటం అన్నిటికన్నా కష్టమైంది. వాళ్లకి విద్యార్థులంటే ప్రతి పదిహేను రోజులకీ మారిపోయే తెల్లకోట్లు. పేర్లు తెలియవు, తెలుసుకునే తీరికా లేదు. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని ఒకటే అడిగాను: రెండు గంటలకి షిఫ్ట్ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌లో, ఒక్కో జంట తమ పేషెంట్ ఒక్కరి గురించి నిలబడి చెప్పనివ్వండి అని. ఇప్పుడు పరిస్థితి ఏంటి, వెనక ఏం జరిగింది, మేమేం గమనించాం, మీరేం చూడాలి, ఈ నాలుగూ రెండు నిమిషాల్లో. మొదట్లో ఆమె గడియారం చూసుకుంటూ విన్నారు. ఒకరోజు ఒక జంట, "సిస్టర్, సెలైన్ కాన్యులా పెట్టిన చేయి పొద్దున్నుంచి వాచింది, డ్రిప్ స్లో అయింది, మార్చాలేమో" అని చెప్పాక, సాయంత్రం డ్యూటీ సిస్టర్ తనే వచ్చి "ఆ పిల్లల్ని రేపు కూడా ఉంచండి" అంది. ఆ రోజు నుంచి ఆ ఇద్దర్నీ పేరు పెట్టి పిలిచేవారు. పేరు తెలిస్తే పని చెప్తారు, పని చెప్తే పక్కన నిలబెట్టుకుని చూపిస్తారు.

మన్యం నుంచి వచ్చిన ముసలామె

పాడేరు అమ్మాయి విషయానికి వస్తాను. సరిచూసే పాత్రలో ఆమె గొంతు మొదట ఎవరికీ వినపడేది కాదు. జంటలో ఉన్న ముందు వరస అమ్మాయికి విసుగు. "మేడమ్, ఆమె చెప్పేదాకా ఆగితే లేటైపోతోంది" అని వచ్చి చెప్పింది కూడా. ఆగమన్నాను.

అప్పుడే మన్యం నుంచి రిఫర్ అయి ఒక ముసలామె వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి, వాంతులు. ఆమెకి తెలుగు సరిగా రాదు, వెంట వచ్చిన కోడలికీ అంతంతమాత్రమే. రౌండ్స్‌లో పీజీ డాక్టర్ "ఏమైనా మందులు వాడుతోందా?" అంటే కోడలు అడ్డంగా తల ఊపింది. ముసలామె మాట్లాడే ఆదివాసీ ఒడియా మా అమ్మాయికి వచ్చు. మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని మాటల్లో పెట్టింది. ఊరు, పొలం, ఏ సంతకి వెళ్తారు, ఇలా. చివరికి తేలిందేమంటే, ముసలామె కొన్ని వారాలుగా పీహెచ్‌సీలో ఇచ్చిన టీబీ మాత్రలు మింగుతోంది. ఊళ్లో తెలిస్తే ఇంటికి ఎవరూ రారని దాచారు.

టీబీ మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ని దెబ్బతీయగలవని ఆ అమ్మాయి డ్రగ్ బుక్‌లో రాసుకునే ఉంది. కానీ డాక్టర్‌కి వెళ్లి చెప్పాలంటే కాళ్లు ఆడలేదు. తన జంట అమ్మాయికి చెప్పింది. ఆ విసుక్కునే అమ్మాయే చేయి పట్టుకుని డ్యూటీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, "సార్, ఈమె చెప్తుంది వినండి" అని తను పక్కకి తప్పుకుంది. చెప్పింది. డాక్టర్ ఆ మాత్రలు ఆపించి, లివర్ పరీక్షలకి రాశారు.

ఆమె మాట నడిచిన దారి చూడండి: పేషెంట్, ఆ తర్వాత జంట, ఆ తర్వాత డాక్టర్. ధైర్యం గురించి ఎవరూ ఆమెకి క్లాసు తీసుకోలేదు. మధ్యలో ఒక మనిషి ఉండటం వల్ల ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు ఎక్కింది. తర్వాతి వారం మంచం చుట్టూ నిలబడే వరస తనంతట తనే మారింది. పేషెంట్ దగ్గర హిస్టరీ తీసుకోవడం ఎలాగో అడగడానికి నలుగురి గుంపు ఆమె దగ్గరికి వెళ్లడం చూశాను.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆమెకి ఆ భాష వచ్చని తెలిశాక పక్క వార్డుల నుంచి పిలుపులు మొదలయ్యాయి. మన్యం పేషెంట్ ఎక్కడ చేరినా 'ఆ పిల్లని పంపండి' అనేవారు. సాయం చేయడం మంచిదే, కానీ రైల్స్ ట్యూబ్ ఫీడింగ్ (ముక్కులోంచి వేసిన గొట్టంతో ఆహారం ఇవ్వడం), కాథెటర్ కేర్ (మూత్రం గొట్టం శుభ్రంగా చూడటం) చేయాల్సిన పొద్దున్నంతా ఆమె దుబాసీగా తిరిగితే తన చదువు ఏమవుతుంది? నేను వెళ్లి మాట్లాడి, పన్నెండు తర్వాత అయితేనే పంపుతానని చెప్పాను. వెనకబడ్డ పిల్లలకి ఒక ప్రత్యేకత దొరగ్గానే దాన్నే పట్టుకుని వాళ్లని వాడుకోవడం మనకి అలవాటు. టీచర్ కాపలా కాయాల్సిన చోటు అది.

జంట అమ్మాయి గురించి కూడా చెప్పాలి. ఆరోజు ఇన్సులిన్ లాగింది ఆమే. ఇన్సులిన్ రోజు తర్వాత ఆమె చాలా ముడుచుకుపోయింది. సరిచూసే వంతు వచ్చినప్పుడు, ఇన్సులిన్ ప్రతిసారీ ఒకే చోట ఎందుకు వేయకూడదో పేషెంట్‌కి చెప్పమంటే ఆగిపోయింది. చేయడం వచ్చు, ఎందుకో ఎప్పుడూ చెప్పుకోలేదు. వేసిన చోటే వేస్తే కొవ్వు గడ్డకట్టి మందు సరిగా ఎక్కదని పాడేరు అమ్మాయే పేషెంట్‌కి, ఆ పక్కనే ఆమెకి చెప్పింది. ఈ జంట అమ్మాయి తల్లి ఒకసారి ఫోన్ చేసి, మా అమ్మాయికి ప్రొసీజర్లు తగ్గాయట అని అడిగారు. సంఖ్య తగ్గిన మాట నిజమే. ఆ అమ్మాయి తనే తల్లికి నచ్చజెప్పుకుంది.

కుదరనివి

పిల్లలు కలిసి ఉన్నంత మాత్రాన నేర్చుకుంటారనుకోవడం పొరపాటు. వాట్సాప్ గ్రూపులో ఒకరు కేర్ ప్లాన్ (పేషెంట్ సమస్యలు, వాటికి చేయాల్సిన సేవ రాసే కాగితం) ఫొటో పెడితే తెల్లారేసరికి పదిమంది రికార్డుల్లోనూ అదే ప్లాన్, పేషెంట్ పేరు మాత్రమే తేడా. ఒంటి మీద చిన్న పుండు కూడా లేని జ్వరం పేషెంట్‌కి 'ఇంపేర్డ్ స్కిన్ ఇంటిగ్రిటీ' (చర్మం దెబ్బతింది) అని రాసి ఉంది. తిట్టి లాభం లేదని, కేర్ ప్లాన్ దిద్దే పద్ధతి మార్చాను. పేషెంట్ మంచం దగ్గరే, ప్రతి ఒక్కరూ తమది కాకుండా తమ జంట రాసిన ప్లాన్‌ని వివరించాలి. జంట ఏం రాసిందో, ఎందుకు రాసిందో ముందు అడిగి తెలుసుకోక తప్పదు. కాపీలు పూర్తిగా ఆగలేదు, కానీ పేషెంట్‌కి లేని జబ్బు రాయడం ఆగింది.

పరీక్షల సంగతి ఇంకా తేలలేదు. ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కో పనికి ఒక్కో స్టేషన్ ఉంటుంది, అక్కడ ఒక్కొక్కరూ ఒంటరిగా, గడియారం ముందు నిలబడాలి. పక్కనవాళ్లతో కలిసి నేర్చుకున్న పిల్ల అక్కడ పక్కన ఎవరూ లేకపోతే తడబడుతుంది. పాడేరు అమ్మాయి ఆ సెమిస్టర్ ఓస్కీలో పేషెంట్‌తో మాట్లాడే స్టేషన్‌లో బాగా చేసింది, డ్రగ్ క్యాలిక్యులేషన్ స్టేషన్‌లో టైమ్ చాలలేదు. కలిసి నేర్పి విడివిడిగా కొలవడం అవసరమే, రేపు నైట్ డ్యూటీలో ఒక్కతే ఉండాలి కదా. అందుకని పోస్టింగ్ చివరి వారం జంటలు విప్పేసి, ఎవరి పేషెంట్లు వాళ్లకే ఇస్తున్నాం. సరిచూసుకోవడానికి స్టాఫ్ సిస్టర్ దగ్గరికి వాళ్లే నడిచి వెళ్లాలి.

డ్యూటీ రూమ్‌లో చివరి పావుగంట మాత్రం తీసేయలేదు. బస్సు వచ్చేలోగా అందరం కూర్చుంటాం. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఈరోజు చూసి కూడా చెప్పకుండా ఊరుకున్నది ఏంటి?" దానికి మార్కులు లేవు, రికార్డులో ఎక్కదు, స్టాఫ్ రూమ్‌లో చర్చకి రాదు. ఈ మూడో మాట నిలబెట్టుకోవడం మా టీచర్లకే కష్టమైంది.

అబ్బాయి సంగతి

ఫిమేల్ మెడికల్ వార్డులో గుమ్మం దగ్గర నిలబడే అబ్బాయికి మేల్ వార్డులో పేషెంట్లని ఇచ్చి అప్పటికి సర్దాం. అక్కడ చాలా బాగా చేశాడు. అతని జంట అమ్మాయి మేల్ వార్డులో బెరుకు లేకుండా పనిచేయడం అతని పక్కనే నేర్చుకుంది. కానీ అది సమస్యని వాయిదా వేయడమే. ఇప్పుడు ఆ బ్యాచ్ ఆరో సెమిస్టర్‌లో ఉంది, మిడ్‌వైఫరీ (ప్రసవ సేవల పాఠం) మొదలైంది. లేబర్ రూమ్‌లో అబ్బాయిల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, కేసు బుక్‌లో సంతకాలు పెట్టించి పంపడం చాలాచోట్ల జరిగే పని. గర్భిణికి ఇబ్బంది కలగకూడదన్నది నిజం, ఆమె మాటే చివరి మాట. కానీ అడిగి చూడకుండానే ఆమె తరఫున మనమే వద్దని చెప్పేస్తున్నాం.

లేబర్ రూమ్ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడి ప్రస్తుతానికి ఒప్పందం ఇలా కుదిరింది. యాంటీనేటల్ (గర్భిణుల) ఓపీలో అతను తన జంట అమ్మాయితో కలిసి బీపీ, బరువు, హిస్టరీ తీసుకుంటాడు. ముందు అమ్మాయి పరిచయం చేసుకుని, "మా తోటి స్టూడెంట్ కూడా ఉంటాడక్కా, మీకు ఇష్టమేనా?" అని అడుగుతుంది. సరే అన్నవాళ్ల దగ్గర కడుపు పరీక్షకి పక్కన నిలబడతాడు, వద్దంటే బయటికి వచ్చేస్తాడు. ఓపీలో అతన్ని చూసి అలవాటైన తల్లుల్లో ఎవరైనా ఒప్పుకుంటే, ప్రసవం టైమ్‌లో అప్పుడే పుట్టిన బిడ్డని అందుకుని తుడిచే పనితో మొదలుపెడతాడు. మొదటి వారం ఓపీలో అడిగినవాళ్లలో కొందరు వద్దన్నారు, కొందరు సరే అన్నారు. ఒకామె అత్తగారు, "డాక్టర్ బాబు అయితే పర్లేదా, నర్సు బాబు అయితే కాదా" అని కోడలితో అని, లోపలికి రమ్మంది.